పటపు చట్రము, పాలిమర్ మట్టి, నుమాయిష్

మన యిండ్లలో ఆడవారు తీరికవేళ చేయు చేతిపనిని చూచి ‘ఆహా, ఎంత ముద్దుగా నున్నది!’ అని తలయూపి, మరుక్షణముననే దానిని మరచిపోవుట మనకు చిరకాలముగా అలవడిన మర్యాద. ఈ మర్యాదవలన చేతిపనులకు కలిగిన హాని నిందవలన ఎన్నడును కలుగలేదని నా అభిప్రాయము. నిందించువాడు కనీసము వస్తువును చేతికి తీసికొని, అతుకులెట్లున్నవో పరికించి, ఇచ్చట పగిలినది, అచ్చట రంగు మండినది అని చెప్పును. మెచ్చుకొనువాడు దూరమునుండియే మెచ్చుకొని కాఫీ త్రాగి వెడలిపోవును. కొన్నేండ్లుగా మన నగరపు మధ్యతరగతి గృహములలో కనబడుచున్న ఒక చిన్న కళ, అనగా పాలిమర్ మట్టితో పటముల చట్రములను అలంకరించు పని, ఈ సులభమైన మెప్పుదలకు బలియగుచున్నదని తోచి, దానిని గురించి నాలుగు మాటలు వ్రాయబూనితిని.

ఈ ప్రసంగమునకు హైదరాబాదులోని ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతములకంటె తగిన తావు వేరొకటి లేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషాకు ఆంతరంగిక సేవకుడుగా నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇచ్చట నెలకొల్పిన అంగడి పేరే ఈ పేటకు పేరైనది. అంగడి అంతరించినను పేరు మాత్రము బస్సుల నొసళ్ళమీద నేటికిని తిరుగుచున్నది. పెద్ద తపాలా కార్యాలయపు కూడలినుండి బయలుదేరి, ఆదివారమైనచో మూసిన దుకాణముల ముంగిట కాలిబాటపై పరచిన పాతపుస్తకముల గుట్టలను దాటి, విశ్వవిద్యాలయమొకటి 1974లో పురుడు పోసికొన్న సరోజినీనాయుడు ‘గోల్డెన్ త్రెషోల్డ్’ భవనమును చూచుచు, 1907నాటి రైలుస్టేషను మీదుగా ఎగ్జిబిషన్ మైదానము చేరువరకు గల ఈ దారిలోను, దారి తప్పి కోఠీవైపునకు మళ్ళిన సందులలోను, పటములు కట్టు దుకాణములు ఇంకను బ్రతికియే యున్నవి. చేతిలో చుట్టిన కాగితముతో వచ్చిన గిరాకీని చూచి, ‘గ్లాసుతోనా, గ్లాసు లేకుండనా?’ అని తలయెత్తకయే అడుగు పనివాడు, కొలబద్దతో కొలిచి, 45 డిగ్రీల కోణమున పట్టీలు కోసి, నాలుగు మూలలను అతికి, వెనుక అట్టకు చిన్న మేకులు బిగించి, పావుగంటలో పటమును చేతికిచ్చును.

మన గోడలకెక్కు బొమ్మలకు ఒక వరుస కలదు. ముందుగా వేంకటేశ్వరస్వామి లేక ఆ యింటి యిలవేలుపు. పిదప కాలధర్మము నొందిన పెద్దలు. పిదప పెండ్లినాటి ఫోటో. అన్నిటికంటె చివర బిడ్డ సంపాదించిన డిగ్రీ పట్టా. వీనిలో దేనినైనను కట్టించి తెచ్చిన పిమ్మట ఊరకుండుట మన గృహిణులకు చేతకాని పని. రాజా రవివర్మ 1894లో బొంబాయియందు నెలకొల్పిన ముద్రణాలయమునుండి వెలువడిన లక్ష్మీ సరస్వతుల రంగుపటములు దక్షిణదేశపు టిండ్లకు చేరినపుడు, ఆ అచ్చుబొమ్మ చీరమీద నిజమైన పట్టుగుడ్డ అతికించి, జరీ కుట్టి, చమ్కీలును పూసలును పొదిగి, అటుపిమ్మటనే అద్దము వేయించిన ఇల్లాండ్రు ఎందరో కలరు. యంత్రము వేలకొలది తీసిన ప్రతులలో ఒకదానిని తన యింటి దేవతగా చేసికొనుటకు ఆమె కనిపెట్టిన ఉపాయమది. నేటి గృహిణి ఫోటో జోలికి పోవుట లేదు, చట్రమును పట్టుకొన్నది. కోరిక మాత్రము పాతదే: అందరి యింటను ఉన్న వస్తువు తన యింట తనదిగా ఉండవలెనను కోరిక. ఈ కోరికను గుర్తుంచుకొన్నచో, ఇకముందు నేను చేయబోవు ఆక్షేపణలన్నియు ఎక్కడనుండి పుట్టినవో పాఠకులకు తెలియును.

ఇంతకును ఈ మట్టి మట్టి కాదు. ఇందు మన్నును లేదు, నీరును లేదు. పి.వి.సి. అను ప్లాస్టిక్కు యొక్క సన్నని పొడిని, దానిని మెత్తబరచు ఒక తైలద్రవ్యమును, రంగును కలిపి పిసికిన ముద్ద ఇది. గాలి తగిలినంతమాత్రమున ఎండదు. మూతబెట్టి యుంచినచో నెలల తరబడి మెత్తగనే యుండును. 110 మొదలు 135 డిగ్రీల సెల్సియస్ వేడిలో, తయారీదారు చెప్పినంత సేపు ఉంచినపుడు, ఆ తైలమును పొడిరేణువులు పీల్చుకొని ఉబ్బి, ఒకదానితో నొకటి ఏకమై గట్టిపడును. జర్మనీ దేశమున కేథె క్రూజె అను ప్రసిద్ధురాలైన బొమ్మల తయారీదారు కుమార్తె, ఇంటివారు ‘ఫీఫీ’ అని పిలుచుకొను సోఫీ, ఇట్టి ముద్దను తీర్చిదిద్దగా, 1964లో ఎబర్‌హార్డ్ ఫేబర్ సంస్థవారు దానిని కొని ‘ఫీమో’ అను పేర లోకమునకు పంచిరి. అమెరికాలో ‘స్కల్పీ’ అను పేరుగల దాని దాయాది, మొదట ట్రాన్స్‌ఫార్మరుల వేడిని బయటికి లాగుటకు ఉద్దేశింపబడి, ఆ పనికి పనికిరాక, బొమ్మల పాలబడినదట. ట్రూప్ బజారులోని విద్యుత్సామగ్రి వర్తకులు ఈ కథ వినినచో, తమ సరుకు పొరుగువాని అంగడికి పోయినందుకు కొంచెము చింతింతురేమో!

విదేశీయమైన పదార్థము గనుక దీనితో మనకేమి పని యని కొందరు పెద్దలు నాతో వాదించిరి. మెత్తని ముద్దను గట్టి దేహమునకు అతికి అలంకరించుట మనకు క్రొత్తవిద్య కాదని వారికి నా సమాధానము. 1591నాటి చార్మినారును చూడుడు: రాతిదేహముపై సున్నపు గచ్చుతో దిద్దిన పువ్వులు, లతలు, తోరణపు కమానుల అంచులు, ఇవన్నియు మేస్త్రి చేతివ్రేళ్ళ క్రింద ఒకనాడు వెన్నవలె మెత్తగా నుండినవే. కొండపల్లి బొమ్మల తయారీవారు తెల్లపొణికి చెక్కతో చెక్కిన అంగములను అతుకుటకును, ముక్కు చెవులు దిద్దుటకును చింతగింజల పొడిని రంపపుపొట్టుతో కలిపి ‘మక్కు’ అను ముద్ద చేయుదురు. చేర్యాల నకాషీ చిత్రకారులు అటువంటి ముద్దతోనే మొగములు చేసి, సుద్దమట్టి పూసి, ఎర్రని నేపథ్యముగల తమ పటములకు తోబుట్టువులనదగిన ముసుగులను సృష్టించుచున్నారు. చింతగింజలోని ఆ జిగురుపదార్థము కూడ రసాయనశాస్త్రజ్ఞుల లెక్కలో పాలిమరే యగుట చేత, పొయ్యి అక్కరలేని పాలిమర్ మట్టి తరతరములుగా మన కొండపల్లిలోను చేర్యాలలోను ఉన్నదని చెప్పిన అతిశయోక్తి కాదు.

పటపు చట్రము సంగతి యింకను విచిత్రము. ఐరోపాఖండమున 18వ శతాబ్దపు ఉత్తరార్ధము నుండి, కొయ్య చెక్కు శిల్పుల కూలి భరింపలేక, సుద్దపొడి, వజ్రపుబంక, గుగ్గిలము, అవిసెనూనె కలిపిన ముద్దను గట్టికొయ్య అచ్చులలో నొక్కి, ఆ ఆకులను పువ్వులను చట్రమునకు అతికి, పైన బంగారురేకు వేయు పద్ధతి ప్రబలెను. ఆనాటినుండి చెక్కినట్లు కనబడు బంగారు చట్రములలో పెక్కింటికి ఉలి సోకనేలేదు. అప్పటి పండితులు దానిని చౌకబారు మోసమని ఈసడించి యుందురు; నేడు వారి వారసులు అట్టి చట్రములనే వస్తుప్రదర్శనశాలలలో చేతిరుమాలు తగులకుండ కాపాడుచున్నారు. కనుక పాలిమర్ మట్టి గొప్పదా నీచమైనదా యను చర్చ నిష్ఫలము. దానితో ఏమి చేయుచున్నాము, ఎట్లు చేయుచున్నాము అనునదే ప్రశ్న.

చేయుచున్నదానిని చూచినచో నాకు సంతోషము కలుగుట లేదు. నేను చూచిన చట్రములలో అత్యధికభాగము నాలుగు మూలలను నాలుగు గులాబీలు, గులాబీలనడుమ ఆకులు, ఆకులనడుమ ముత్యములు, ముత్యములనడుమ మిగిలిన జానెడు జాగాలో ఒక సీతాకోకచిలుక. ఆ గులాబీ ఈ నేలమీది గులాబీ కాదు. సిలికాన్ అచ్చులో నొక్కి తీసినది, ఆ అచ్చు కొన్నవారందరి గోడలమీదను రేకు రేకునకు భేదములేక పూచునది. లక్ష్మీదేవి చీరకు జరీ కుట్టిన ముత్తవ్వ యంత్రపుబొమ్మను తన బొమ్మగా చేసికొనగా, మనుమరాలు చేతితో చేయవలసిన బొమ్మను మరల యంత్రపుబొమ్మగా చేయుచున్నది. ఇంత శ్రమపడి, ఇన్ని గంటలు మెడ వంచి, చివరకు దుకాణములో దొరకు వస్తువునే చేయుట ఎందుకో నాకు బోధపడుట లేదు.

చట్రము ఎందుకున్నది? గోడనుండి బొమ్మను వేరుచేసి, చూపును లోపలికి త్రోవ చూపి పంపుటకు. తానే చూపును పట్టి నిలిపివేసిన చట్రము తన పని మానిన చట్రము. ఈ ఒక్క విషయము మనసున నాటుకొన్నచో మిగిలిన నియమములు వానియంతట అవియే వచ్చును. లోపలి బొమ్మలో జనము నిండియున్నచో చట్రము నిరాడంబరముగా ఉండవలెను. పెండ్లిపందిటిలో నలుబదిమంది నిలిచిన ఫోటోకు పూలతీగెల చట్రము వేసినవారు పెండ్లికూతురు మొగమును వెదకుకొనవలసి వచ్చును. తాతగారి నలుపు తెలుపు ఫోటోకు ఎర్రని, పచ్చని రంగులు వేసినచో ఆయన మొగము మరింత పాలిపోవును. ఆ ఫోటోలోనే నీడల యందున్న గోధుమవన్నె, బూడిదవన్నె తీసికొని చట్రమునకు వాడినచో ఆయన కన్నులకు వెలుగు వచ్చును. చట్రపు లోపలి అంచును వ్రేలెడు వెడల్పున ఏ అలంకారమును లేక విడువవలెను. లేనిచో ఉబ్బెత్తు పువ్వుల నీడ దీపపు వెలుతురులో బొమ్మమీద పడును. నాలుగు మూలలను సమానముగా నింపవలెనను నియమము ఏ శాస్త్రమునను లేదు. అది ఖాళీస్థలమును చూచి భయపడువారి నియమము. ఒక్క క్రిందిమూలనుండి బయలుదేరి, అడుగుపట్టీమీద కొంత దూరము ప్రాకి, అలసి ఆగిపోయిన తీగె ఎంత నిండుగా నుండునో ప్రయత్నించినవారికే తెలియును.

దేవుని పటమునకు చట్రము చేయువారు మరికొంత ఆలోచింపవలెను. మనవారు పటమును చూచి నమస్కరించి ఊరకుందురా? పై రెండు మూలలకు పూలదండ తగిలింతురు. ఆ మూలలయందు ఎత్తుగా నిలిచిన రేకులున్నచో దండ తీయునపుడు దారము చిక్కి రేకు విరుగును. శుక్రవారము తడిగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమలు బొట్టు పెట్టుదురు. లోతైన గీతలున్నచో కుంకుమ అందులో చేరి కొంతకాలమునకు మురికిచాయ దేలును. అగరువత్తిపొగ సరేసరి. పూజామందిరమునకు తగిన చట్రము పై భాగమున నున్నగను, ప్రక్కలయందు గోటి మందమునకు మించని ఉబ్బుతోను ఉండవలెనని, హారతిపళ్ళెము సోకునంత దగ్గర దానిని పెట్టరాదని ఏ తరగతిలోను నేర్పగా నేను వినలేదు. కడుగుటకు, తుడుచుటకు, దండ వేయుటకు ఓర్చుకొనని అలంకారము మన యింటి అలంకారము కానేరదు.

మరి ఏమి దిద్దవలెను? ఈ మట్టికి సహజమైన విద్య ఒకటి కలదు. వేర్వేరు రంగుల పలకలను, కడ్డీలను ఒకటిగా చేర్చి దిమ్మె చేసి, ఆ దిమ్మెను అన్నివైపుల నొక్కి సన్నగా సాగదీసినచో, లోపలి చిత్రము చెడకయే చిన్నదై, కత్తితో కోసిన ప్రతి బిళ్ళయందును మరల మరల కనబడును. ఈ విద్య చుక్కలముగ్గు వేయగల చేతికి ఎంత దగ్గరయైనదో యోచింపుడు. నాలుగు చుక్కల గడి యొక్కటి దిమ్మెగా కట్టుకొన్నచో చట్రమంతటికి సరిపడు బిళ్ళలు అందులోనుండియే వచ్చును. రంగునుండి రంగులోనికి క్రమముగా జారు పలకలను సన్నని పట్టీలుగా కోసి, ఒక్కొక్కదానిని కొంచెము జరిపి అతికినచో, పోచంపల్లి నేతలో నూలు ముందే రంగులద్దుకొనుటవలన ఏర్పడు ఆ అంచుల మసక, ఆ చెదరు, అచ్చముగా వచ్చును. జంతికల గొట్టముతో తీసిన సన్నని తీగెలు చుట్టలు చుట్టి పేర్చినచో పాత నగలలోని తీగెపని గుర్తుకు వచ్చును. (ఆ గొట్టమును మరల జంతికలకు వాడరాదు, ఈ పనికి వాడిన కత్తిపీటను, అప్పడాల కర్రను కూడ మరల వంటయింటికి చేర్చరాదు. ఈ మాట పెట్టెమీద చిన్న అక్షరములలో ఆంగ్లమున నుండును. మన యిండ్లలో దానిని చదువువారు లేరు.) ఇన్ని దారులుండగా అచ్చుగులాబీ వెంటబడుట సోమరితనమని చెప్పుటకు నేను జంకను.

సోమరితనము చేతులయందు లేదు; ఆ సంగతి నాకు బాగుగ తెలియును. రెడ్ హిల్స్‌లో కాపురమున్న మా మేనకోడలు ఒకనాడు నన్ను పిలిచి, నల్లగా మాడి, పొంగులు పొంగి, ఒకవైపు వంగిపోయిన చట్రమును ముందుంచి, “మావయ్యా, పుస్తకంలో చెప్పినట్టే నూటముప్పై మీద పెట్టాను. ఇల్లంతా ఘాటు వాసన. కళ్ళు మండిపోయాయి,” అనెను.

“ఓవెనులో ఉష్ణమాపకము పెట్టితివా?”

“తిప్పే మర మీద నూటముప్పై అని ఉందిగా!”

ఆమె చేతిపనిలో లోపము లేదు. లోపములు మూడును ఆమె చేతికి వెలుపలివే. మన యిండ్లలోని చిన్న ఓవెనులకు మర మీద కనబడు అంకెకును లోపలి వేడికిని మధ్య ఇరువది ముప్పది డిగ్రీల అంతరముండుట సామాన్యము. వేడి మితిమీరినపుడు పి.వి.సి. విచ్చిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని విడుచును. ఇల్లంతయు ఘాటెక్కుటకు కారణమదియే. అట్టి సమయమున ఓవెనును ఆర్పి, కిటికీలన్నియు తెరచి, పిల్లలను బయటికి పంపుటకంటె వేరు చేయదగినది లేదు. ఇక పొంగులకు కారణము చెక్కలోని తేమ: వానకాలమున ఈ ఊరి గాలిని పీల్చుకొన్న కొయ్య నూరు డిగ్రీలు దాటగానే ఆ తేమను ఆవిరిగా బయటికి నెట్టును, మట్టిపొర అడ్డమున్నచో దానిక్రిందనే బుడగలు కట్టును. ఉత్తచట్రమును ముందుగా ఓవెనులో ఆరబెట్టి, చల్లారిన పిదప తెల్లని కొయ్యబంక పలుచగా పూసి, అది ఎండిన తరువాతనే మట్టి అతుకవలెను.

మూడవ లోపము, అనగా ఆ వంకర, నాకు అన్నిటికంటె ఎక్కువ బాధ కలిగించినది. నేడు పటములు కట్టు దుకాణములలో గోడకు ఆనించి నిలిపిన బంగారువన్నె పట్టీలలో చాలభాగము కొయ్యవి కావు. పాలిస్టైరీను అను ప్లాస్టిక్కును నురుగువలె పొంగించి, మూసలగుండ లాగి, పైన వన్నెరేకు అద్దినవి. చూచుటకు టేకు, తాకుటకు టేకు, తూకమున దూది. పాలిమర్ మట్టిలోని తైలము పచ్చిగా నున్నపుడే ఆ ప్లాస్టిక్కును కరగించి జిగటగా చేయును. ఓవెనువేడికి అది మెత్తబడి వంగును. కొన్నపుడు ఆమె “కొయ్యదేనా?” అని అడిగెను, “వుడ్డే మేడమ్” అని సమాధానము వచ్చెను. అమ్మినవానికి ద్రోహబుద్ధి యున్నదనుకొనను. అతనికి ఆ సరుకు పేరే ‘వుడ్ ఫినిష్’. కాని ఎనామెలును వార్నిషును పూయని, నిజమైన కొయ్యతో చేసిన ఉత్తచట్రము కావలెనని అడిగినవారికి ఆబిడ్సులో పది అంగళ్ళు తిరుగవలసి వచ్చుట మన చేతిపనుల దురవస్థకు మంచి సాక్ష్యము. అద్దమును, వెనుక అట్టను ముందే తీసివేసి కొయ్యచట్రమును ఓవెనులో పెట్టవచ్చును. ఓవెనులో పట్టని పెద్ద చట్రమైనచో, అలంకారములను నున్నని పెంకుమీద విడిగా కాల్చి, పిదప బంకతో అతుకుటయే మార్గము.

అంగళ్ళవారిని గురించి మరియొక మాట. ‘క్లే’ అను ఒక్క పేరుతో వారు మూడు వేర్వేరు పదార్థములను అమ్ముచున్నారు: గాలికి ఎండునది, రెండు ముద్దలు కలుపగానే తనంతట బిగియు ఎపాక్సీ, ఓవెనులో కాల్చవలసిన పాలిమరు. మొదటిదానిని కాల్చినవారును, మూడవదానిని వారములకొలది ఎండబెట్టి ‘ఇంకను ఆరలేదేమి?’ అని విస్తుపోయినవారును నాకు తెలియును. వేడి ఎంత, సేపు ఎంత, ఏ దేశమునందు తయారైనది అను మూడు ముక్కలు తెలుగులో వ్రాసి అంటించుటకు ఒక చీటి చాలును. కొన్ని పశ్చిమదేశములు పిల్లల ఆటవస్తువులలో ప్లాస్టిక్కును మెత్తబరచు కొన్ని థాలేట్ తైలములను నిషేధించిన పిదప పేరుపొందిన తయారీదారులు తమ మిశ్రమములను మార్చుకొనిరి. పేరును ఊరును లేని పొట్లములలో ఏమున్నదో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు ఒక సున్నితమైన సంగతి. ఈ మట్టి అనుకరణలో గడుసుది: దంతము, పచ్చరాయి, పగడము, పాతకొయ్య, దేనిరూపమైనను ధరించును. నల్లని ముద్దపై వెండిరేకు అద్ది, పైపొరను గరుకుకాగితముతో నీటిలో అరగదీసి మెరుగుపెట్టినచో, మూడడుగుల దూరమునుండి బీదరు పనియని భ్రమింపజేయును. బీదరు పని యనగా తుత్తునాగమున కొంచెము రాగి కలిపిన లోహమును పోతపోసి, చెక్కిన గాడులలో వెండితీగె పొదిగి, బీదరు కోటలోని మట్టిని నవాసారముతో కలిపి పట్టించినపుడు లోహము మాత్రమే నల్లబడి వెండి తెల్లగా నిలుచు అద్భుతము. ఆ శ్రమను ఓవెనులో అరగంటకు దింపి, ‘బిదరీ ఫ్రేమ్’ అను చీటి కట్టి అమ్మినచో అది దొంగతనమే. కాని ఆ నలుపు తెలుపుల పొందికను, ఆ పూలగుత్తుల అమరికను నేర్చుకొని, ఇది మట్టియని చెప్పుకొని చేసినచో నాకు అభ్యంతరము లేదు. గచ్చుపనివాడు కూడ రాతిలోని పువ్వును చూచియే గచ్చుపువ్వు దిద్దెను. గన్ ఫౌండ్రీలోని గోల్కొండ హస్తకళల విక్రయశాలకు పోయి అసలు బీదరు వస్తువును ఒకమారు చేతబట్టి దాని బరువు తెలిసికొన్నవారు అటుపిమ్మట ఆ చీటి కట్టుటకు తామే సిగ్గుపడుదురు.

ప్లాస్టిక్కును ఇంటింట ప్రోత్సహింపవచ్చునా యని అడుగువారికి నా దగ్గర పూర్తి సమాధానము లేదు, సగము కలదు. ఒకసారి వాడి పారవేయు సంచికిని, రెండు తరములు గోడపై నుండు చట్రమునకును నడుమ భేదము చూడవలెను. కాల్చని తుంటలను ఎన్నిమారులైనను పిసికి వాడవచ్చును. అయినను, మక్కుతోనే చేయదగిన పని యున్నపుడు మక్కుతోనే చేయుట మేలు. తేమకును పురుగునకును అది త్వరగా లొంగునన్నది నిజమే కాని, ఓవెను, పొగ, దిగుమతి ఏవియు అక్కరలేదు. రెండు ముద్దలను ప్రక్కప్రక్కన పెట్టి, దేనికి ఏ పని తగునో నేర్పు గురువు కావలెను.

ఆ గురువునకు పీట వేయదగిన చోటు నాంపల్లిలోనే యున్నది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులు కొందరు పూనుకొని, ఈ దేశమున తయారైన వస్తువులను ఈ దేశపు ప్రజలకు చూపవలెనని బాగేఆమ్‌లో నుమాయిష్ అను వస్తుప్రదర్శనను ఆరంభించిరి. 1946లో అది నేటి ఎగ్జిబిషన్ మైదానమునకు చేరెను. ప్రతి సంవత్సరము జనవరి 1వ తేదీ మొదలు ఫిబ్రవరి నడిమివరకు జరుగు ఆ జాతరలో కాశ్మీరు శాలువలు, లక్నో చికను పని, ఊరగాయలు, ఉయ్యాలలు అన్నియు దొరకును. వచ్చిన ఆదాయముతో దానిని నడపు సంఘమువారు విద్యాలయములను నడపుచున్నారు. కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము ఆ మైదానమును ఆనుకొనియే యున్నవి. ఇన్ని అనుకూలములు ఒకేచోట ఉండియు, చేతిపనులకు నుమాయిష్ ఇచ్చుచున్నది అమ్ముకొనుటకు అద్దెకొట్టు మాత్రమే. అమ్మకము కళకు పరీక్ష కాదు. అమ్ముడుపోవునది ఎన్నడును గులాబీయే.

నేను కోరునది ఒక పోటీ. ముగ్గురు పరీక్షకులు చాలుదురు: చేర్యాల నకాషీ ఒకరు, మాసబ్‌ట్యాంకు లలితకళల విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయులొకరు, ముప్పది యేండ్లుగా పటములు కట్టిన దుకాణదారు ఒకరు. చట్రమును ఉత్తదిగా తెచ్చిన స్వీకరింపరాదు. లోపల బొమ్మ నుంచియే తేవలెను, బొమ్మకు చట్రము తగినదా లేదా అనునదే మొదటి ప్రశ్న కావలెను. ఏ మట్టి, ఎంత వేడి, ఎంత సేపు, అచ్చుపువ్వు ఎంత, చేతిపువ్వు ఎంత అను వివరములు చట్రముతో జతపరుపవలెను. బహుమతి రానివారికి ఎందుకు రాలేదో పరీక్షకులు ఒక్కొక్కరికి వ్రాసి ఇయ్యవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యము. ఆడవారి మనసు నొచ్చుకొనునని సంఘములోని వారెవరైనను వెనుకాడినచో, ఆ దయ మాకు వద్దని చెప్పు స్త్రీలు ఈ ఊర వందలమంది కలరు. మా మేనకోడలు వారిలో మొదటిది.

ఈ పోటీని మహిళల కాలక్షేపముల విభాగమున చేర్చి, మధ్యాహ్నము రెండు గంటలకు ఒక మూలగుడారములో జరిపి ముగింపరాదు. పటముల దుకాణములలో పట్టీలు కోయు కుర్రవాండ్రకును అందు ప్రవేశముండవలెను. కొయ్య ఎండినదో లేదో వారికి చేతితో తట్టినచో తెలియును, దిమ్మె కట్టుట మాత్రము తెలియదు. ఇద్దరు కలిసి ఒక చట్రము చేసి పంపుటకు నియమావళిలో వీలు కల్పించి, దరఖాస్తులను దసరా వెళ్ళగానే పిలిచినచో, ఉత్తకొయ్య చట్రములు చేసి పెట్టుటకు ఆబిడ్సు వర్తకులకును తగినంత వ్యవధి చిక్కును.